గాలి చెప్పిన వాటం

ఆ రోజుల్లో మా అనంతపురం శివార్లలో ఇల్లు కట్టుకునేవాళ్లు అన్నీ ఆలోచించుకునే కట్టుకునేవాళ్లు. వాకిలి ఎటు ఉండాలి, పొయ్యి ఎటు తిరగాలి, మెట్ల కింద చెప్పులు పెట్టాలా సైకిలు పెట్టాలా, పాలు పొంగించే రోజు ఎవరిని పిలవాలి, ఎవరిని మరచిపోతే వాళ్లు ఎన్నేళ్లు గుర్తుపెట్టుకుంటారు, ఒక్కటి కూడా వదిలేవాళ్లు కాదు. వాన గురించి మాత్రం ఎవరూ ఆలోచించేవాళ్లు కాదు. అది వాళ్ల తప్పని నేననను. మబ్బులు వచ్చేవి, అడ్రసు కనుక్కోవడానికి ఆగినట్టు మా కాలనీ మీద కాసేపు నిలబడేవి, తర్వాత వెళ్లిపోయేవి. కణేకల్లులో పడిందంట, కంబదూరులో పడిందంట అని మర్నాడు పాలు పోసేవాడు చెప్పేవాడు. ఎక్కడ పడిందో ఆ ఊరి పేరు వినడమే మాకు వాన. అలాంటి చోట, పడని వాన మీద రెండిళ్ల మధ్య ఏడాదికి పైగా మాటలు ఆగిపోయాయంటే మీరు నమ్మకపోవచ్చు. ఆగిపోయాయి. ఆ రెండిళ్లలో ఒకటి మాది. ఆగిపోవడానికి కారణమైన మేధావిని నేను.

మా కాలనీ అంటే బైపాసు రోడ్డు దాటాక, ఒక వేరుశనగ చేను ప్లాట్లుగా మారిన చోటు. హద్దురాళ్లు, ముళ్లకంప, మధ్యమధ్యలో కొత్త రంగులతో ఇళ్లు. కొళాయి ఎప్పుడొస్తుందో దానికే తెలియదు కాబట్టి అందరం ట్యాంకరు నీళ్ల మీదే బతికేవాళ్లం. నాయన బస్సు కండక్టరు. ఆయన బస్సు కళ్యాణదుర్గం మీదుగా కంబదూరు పోయేది. వేరుశనగ వ్యాపారం చేసే శెట్టిమామ (బంధువేమీ కాదు, నోటికొచ్చిన వరస) ఆ బస్సులో సంతకు పోయి సంచులతో తిరిగొచ్చేవాడు. సంచి సీటు కింద పెట్టాలా, బస్సు పైన వేయాలా అన్న గొడవతో మొదలైన పరిచయం, ఇద్దరూ పక్కపక్కనే ప్లాట్లు కొనుక్కునేదాకా వచ్చింది. తూర్పుది మామది, పడమటిది మాది. "రిటైరైనాక అరుగు మీద కూచోని మాట్లాడుకునేదానికి మనిషుండాల గదా" అనేవాడు నాయన. మామ ఇల్లు ముందు లేచింది. మాది లేస్తుండగానే ఇద్దరూ సాయంత్రాలు మామ అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టారు. నిజానికి వాళ్లు పెద్దగా మాట్లాడుకునేది కూడా లేదు. ఒకాయన రోడ్డు మీద పోయే బస్సును చూసి లేటయిందనేవాడు, రెండో ఆయన అవుననేవాడు. దాంతో ఇద్దరికీ తృప్తిగా పొద్దుపోయేది.

ఇక నా ఘనకార్యం. మిద్దె వేశాక, దానిమీద సిమెంటు పూత పూసి వాటం పెట్టే రోజు వచ్చింది. వాటం అంటే వాన నీళ్లు నిలవకుండా మిద్దెను ఒక పక్కకు కొంచెం వాలుగా చేయడం. వాలు ఎటు ఉంటే అటు పిట్టగోడ అడుగున ఒక తూము పెడతారు. వాలు సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి లోకమంతా చేసే పని ఒకటే, బిందెలతో నీళ్లు పోసి ఎటు పోతాయో చూడటం. మా బేల్దారి మేస్త్రి కూడా పాపం అదే అడిగాడు. "నీళ్లు పోస్తే చూసి తూము పెడ్తాక్కా" అన్నాడు. అమ్మ ఆ మాట విని, అతను ఇంట్లో బంగారం అడిగినట్టు చూసింది. "తాగేదానికే దిక్కు లేకుంటే మిద్దెకు తాపించేదా? వాలు నీ కంటికి కనపడదా?" అంది. "కనపడుతుందిలేక్కా" అన్నాడు మేస్త్రి. (అతనిదీ ఈ ఊరే. అతను వేసిన మిద్దెల్లో వాన పడి అతని పనితనం బయటపడినది అప్పటికి ఒక్కటీ లేదు.) అయినా అమ్మకు తృప్తి కలగలేదు. "ఇంట్లో ఇంజనీరమ్మ ఉండాది గదా, అది చూసి చెప్తాది" అంది.

ఇంజనీరమ్మ అంటే నేను. అప్పుడు పాలిటెక్నిక్‌లో సివిల్ చదువుతున్నాను. నీళ్లు లేకుండా వాలు కనుక్కోవడం నాకొక సవాలులాగా అనిపించింది. శెట్టిమామ మనవడి ప్లాస్టిక్ బంతి ఒకటి తీసుకుని మిద్దె ఎక్కాను. మధ్యలో పెట్టి వదిలాను. బంతి ఆలోచించకుండా తూర్పుకు దొర్లి పిట్టగోడకు తగిలి ఆగింది. మళ్లీ పెట్టాను, మళ్లీ తూర్పుకే పోయింది. ఏ మూల నుంచి వదిలినా అది తూర్పుకే పోయింది. శాస్త్రంలో ఇంత స్పష్టమైన ఫలితం రావడం అరుదు. అది ఆషాఢమాసం అని చెబితే మా జిల్లావాళ్లు ఇక్కడే నవ్వడం మొదలుపెడతారు. ఆషాఢంలో మా వైపు పడమటి గాలి ఎలా వీస్తుందంటే, ఆరేసిన దుప్పటి కోసం పక్క వీధిలో వెతుక్కోవాలి. మా గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. నా జడ తూర్పుకు ఎగురుతోంది, చున్నీ తూర్పుకు ఎగురుతోంది, మేస్త్రి తలకు చుట్టుకున్న తువ్వాలు కొస తూర్పుకు ఎగురుతోంది. నేను మాత్రం బంతినే చూసి, "వాలు తూర్పుకుంది, కొంచెం ఈశాన్యానికి మళ్లుతోంది" అని ప్రకటించాను. ఈశాన్యం మాట వినగానే నాయన మొహం వెలిగిపోయింది. నీళ్లు ఈశాన్యానికి పోతే వాస్తుకు అంతకంటె ఏం కావాలి. "మా పాప లెక్కగట్టి చెప్పింది" అని దారిన పోయేవాళ్లను ఆపి మరీ చెప్పాడు. మేస్త్రి తూర్పు పిట్టగోడలో తూము పెట్టేసి పోయాడు. ఆ తూము మూతి సరిగ్గా శెట్టిమామ వాకిట్లోకి ఉందని ఎవరూ గమనించలేదు. వాన పడే ఊరివాళ్లయితే మొట్టమొదట అదే చూసేవాళ్లు.

మా గృహప్రవేశం రోజు పాయసం తింటూ తల పైకెత్తిన శెట్టిమామ భార్య దాన్ని చూసింది. ఆమెను అత్త అనేదాన్ని. ఆమె పుట్టిల్లు నల్లమాడ దగ్గర. ఒకరి మిద్దె నీళ్లు ఇంకొకరి వాకిట్లో పడితే ఆ ఇంటికి కలిసొచ్చేదంతా కొట్టుకుపోతుందని వాళ్ల వైపు గట్టి నమ్మకం. పైగా తూముకు సరిగ్గా కింద ఆమె తులసి కుండీ ఉంది. "ఇదేంది వదినా, మీ తూము మా ఇంట్లోకి చూస్తాండాది?" అంది. అమ్మ తేలిగ్గా నవ్వేసి, "వానొస్తే గదా వదినా" అంది. శుభమా అని పాలు పొంగించిన రోజు ఆ మాట అనకూడదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పాయసం వైపు తిరిగిపోయారు.

సాయంత్రం మగవాళ్లు అందుకున్నారు.

"ఏమప్పా కండక్టరూ, ఆ తూము అవతలికి తిప్పుకో" అన్నాడు మామ.

"వాటం ఆ పక్కకుండాది శెట్టీ. తూము తిప్పితే నీళ్లు తిరుగుతాయా?" అన్నాడు నాయన.

"నీ మిద్దె నీళ్లు నా వాకిట్లో ఒక చుక్క గూడా పడగూడదు."

"యాడ వానప్పా? పడినప్పుడు చూద్దాంలే."

"పడదనే గదా నా నెత్తిన పెడ్తివి."

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నాయనకు ఆ పూట నా చదువు నెత్తికెక్కి ఉంది. "మా పాప చదివింది సివిలు. నువ్వు తూకమేసేది చెనిక్కాయలు. వాటం సంగతి నీకేం తెలుసు?" అన్నాడు. శెట్టిమామ లేచి పంచె దులుపుకుని, చెప్పులు వేసుకుని, వాళ్లింట్లోకి పోయి తలుపు వేసుకున్నాడు. మర్నాడు సాయంత్రం ఎవరి అరుగు మీద వాళ్లు కూర్చున్నారు.

కాలనీ పెద్దమనుషులు ఊరుకోలేదు. రిటైరైన హెడ్మాస్టరు సారు ఒకాయన ఇద్దరినీ కూర్చోబెట్టి, రెండు వైపులా విని, చాలాసేపు కళ్లు మూసుకుని, "ఫస్టు వాన పడనీండప్పా. నీళ్లు యాడ పడతాయో చూసి అప్పుడు మాట్లాడదాం" అని తీర్పు చెప్పారు. అందరికీ న్యాయంగానే తోచింది. చిక్కల్లా ఏమిటంటే, ఆ కేసులో ఉన్న ఒకే ఒక సాక్షి ఊళ్లోకి రావడం మానేసింది. ఆ ఏడాది మబ్బు పట్టినప్పుడల్లా శెట్టిమామ సాక్ష్యం కోసం గొడుగు తీసుకుని వాకిట్లోకి వచ్చేవాడు. నాయన మిద్దె ఎక్కి ఆకాశం వంక అనుమానంగా చూసేవాడు. సేద్యగాళ్ల ఇంట పుట్టిన మనిషి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వాన వద్దనుకున్నాడు, ఆ మాట పైకి చెప్పలేక లోపల్లోపల కుమిలిపోయాడు. అప్పుడప్పుడు కాసిని తుంపర్లు పడేవి. వేడెక్కిన సిమెంటు మీద అవి చప్పుడు చేసి ఆరిపోయేవి. దాన్ని ఎవరూ సాక్ష్యంగా ఒప్పుకోలేదు.

వానలు లేకపోయేసరికి పిల్లలు కప్పను ఊరేగించారు. రోకలికి కప్పను కట్టి, వేపాకు కప్పి, పాడుతూ ఇంటింటికీ వస్తారు. ఎవరింటి ముందు ఆగితే ఆ ఇల్లాలు కప్ప మీద నీళ్లు పోయాలి, ఎంత పోస్తే అంత వానని లెక్క. ఎవరైనా చెంబు నీళ్లు అడిగితే రెండుసార్లు ఆలోచించే అత్త, ఆ రోజు నిండు బిందె ఎత్తుకుని వచ్చి గుమ్మరించింది. పోస్తున్నంతసేపూ కప్పను చూడలేదు, మా మిద్దెనే చూసింది. మా ఇంటి దగ్గర అమ్మను వెనక్కి నెట్టి నాయనే వచ్చాడు, చేతిలో కాఫీ గ్లాసుతో. అందులో ఉన్న నీళ్లు కప్ప వీపు తడపడానికి కూడా చాలలేదు. పిల్లలు కదలకుండా నిలబడి, "ఇంగొంచెం పోయండి సార్" అన్నారు. "చాల్లేరా, జలుబు జేస్తాది దానికి" అని నాయన లోపలికి వచ్చేశాడు.

నవ్వుకోవడం అంతవరకే. తర్వాతి ఎండాకాలంలో నాయన రిటైరయ్యాడు. ఇన్నేళ్లూ అనుకున్న సాయంత్రాలు వచ్చాయి, పక్కన కూర్చోవలసిన మనిషి గోడకు అవతల ఉన్నాడు. బస్సు పోయేది, నాయన నోరు తెరిచేవాడు, ఎవరికి చెప్పాలో తోచక మూసుకునేవాడు. గోడకు అటువైపు మామ దగ్గితే ఇటువైపు ఈయన సర్దుకుని కూర్చునేవాడు. "ఈ వయసులో నీకింగో మనిషిని యాడ్నుంచి తెచ్చేది? పోయి మాట్లాడు" అనేది అమ్మ. "మాటలు ఆపింది వాడు, వాణ్నే రమ్మను" అనేవాడు నాయన. నాకు ఆయనను చూస్తే జాలేసేది. ఇద్దరూ సమానంగా మొండివాళ్లు, అందుకే స్నేహం అంతకాలం నిలిచిందని ఇప్పుడనిపిస్తుంది.

తర్వాత ఒకరోజు పొద్దున శెట్టిమామ ఇంటి గోడ మీద 'ఈ ఇల్లు అమ్మబడును' అని రాయించి ఉంది. కదిరిలో ఉన్న వాళ్ల తమ్ముడి దగ్గరికి పోతారట. నాయన ఆ అక్షరాలు చదివి లోపలికి వచ్చి, కాఫీ వద్దన్నాడు. అప్పటినుంచి ఎవరైనా ఇల్లు చూడటానికి వస్తే చాలు, మిద్దె ఎక్కి, బట్టలు ఆరేసే తీగ సరిచేస్తున్నట్టు నటిస్తూ వాళ్లను పైనుంచి తేరిపార చూసేవాడు. వాళ్లు వెళ్లిపోయాక కిందికి దిగి, "కొనే మొహం గాదులే" అనేవాడు. అలా అన్న పూట రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. ఇల్లు అమ్ముడుపోతే ఆయన ఇక్కడ ఇల్లు కట్టుకోవడానికున్న కారణమే పోతుందని ఇంట్లో అందరికీ తెలుసు.

చివరికి కొనే మొహం ఉన్న మనిషే వచ్చాడు. ధర్మవరం వైపు ఆయన, భార్యను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. అంటే ఖాయం చేసుకోవడానికే వచ్చారన్నమాట. మధ్యాహ్నం దాటింది. గాలి స్తంభించి, ఒళ్లంతా చెమట పట్టి, ఉన్నట్టుండి చీకటి కమ్మింది. మబ్బు అలవాటు ప్రకారం పోతుందనుకుంటూ ఉండగానే వాన మొదలైంది. అలాంటి వాన ఆ కాలనీ కట్టాక ఎవరూ చూడలేదు. ఎదురిల్లు కనిపించడం మానేసింది. శెట్టిమామ కొనేవాళ్లను హాల్లోనే వదిలేసి, గొడుగు వేసుకుని వాకిట్లోకి పరుగెత్తి, మా తూము కింద తలెత్తి నిలబడ్డాడు. ఇన్నాళ్లకు సాక్షి వచ్చింది. నాయన మా వరండాలో నీరుగారిపోయి కూర్చున్నాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను.

తూములోంచి చుక్క పడలేదు. చుట్టూ ఉన్న మిద్దెలన్నిటి నుంచీ నీళ్లు ధారలు కడుతున్నాయి. మా తూము మాత్రం ఆరిన నోటితో చూస్తోంది. శెట్టిమామ కొంచెం పక్కకు జరిగి చూశాడు, గొడుగు తీసేసి చూశాడు. ఈలోగా లోపలినుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఇదో, ఇట్ల రాండి. బీరువా మీద కారుతాండాది."

నేనూ నాయనా మిద్దె ఎక్కాం. నేను వాలు ఉందని చెప్పిన తూర్పు వైపు మిద్దె మీద చుక్క కూడా నిలవలేదు. పడమటి దిక్కున, నైరుతి మూల, చిన్న కుంట. వాస్తు ప్రకారం నీళ్లు పోగూడని దిక్కు ఏదో సరిగ్గా అక్కడికే అన్నీ చేరాయి, దాని కిందే బీరువా ఉంది. ఆషాఢం, గాలి, బంతి, అన్నీ ఒక్కసారి నా బుర్రకు తట్టాయి. ఏడాదికి పైగా రెండిళ్లు పోట్లాడుకున్నది చచ్చినా నీళ్లు రాని తూము గురించి. నాయన నా వైపు చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. పంచె ఎగ్గట్టి చేతులతోనే నీళ్లు తోయడం మొదలుపెట్టాడు.

అప్పుడు కిందినుంచి శెట్టిమామ గొంతు వినబడింది.

"ఏమప్పా, నీళ్లు రాలేదే?"

నాయన పిట్టగోడ మీదుగా వంగి చూశాడు. "రాలేదు శెట్టీ" అన్నాడు.

"యాల?"

"వాటం ఎదురు పక్కకుండాది."

"అంటే ఇన్నాళ్లూ..." అని ఆగాడు మామ. "అంతే" అన్నాడు నాయన. మామ ఇంకొంచెం సేపు అలాగే తడుస్తూ నిలబడి, "ఉండు, వస్తాండా" అన్నాడు.

కొబ్బరి పుల్లల పొరక ఒకటి తనకు, ఒకటి నాయనకు పట్టుకుని మా మెట్లెక్కి వచ్చాడు. కుంటను చూశాడు, నన్ను చూశాడు. "పాపా, ఇదేనా మీ కాలేజీలో చెప్పేది?" అన్నాడు. తర్వాత మామా నాయనా పక్కపక్కన నిలబడి నీళ్లను ఎత్తున్న వైపుకు తోయడం మొదలుపెట్టారు. ఆ మిద్దెకు ఉన్న కంత అదొక్కటే కాబట్టి తూర్పు తూములోకే తోయాలి. అంటే శెట్టిమామ తన వాకిట్లోకి తన చేతులతోనే, ఒగరుస్తూ, మా మిద్దె నీళ్లు తోస్తున్నాడు. చప్పుడు విని అత్త బయటికి వచ్చింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఆమె పైకి చూసింది, ధారను చూసింది, తులసి కుండీని రెండు చేతులా ఎత్తి జాగ్రత్తగా పక్కన పెట్టి, ఆ చోట బిందె పెట్టింది. నిండగానే ఇంకొకటి పెట్టింది. "ఆపొద్దండి, ఇంగా డ్రమ్ముండాది" అని పైకి కేకేసింది. అది విని మా వంటింటి కిటికీలోంచి అమ్మ, "వదినా, అవి మా నీళ్లు. సగం ఈ పక్కకు రావాల" అంది.

ఇల్లు కొనడానికి వచ్చిన పెద్దమనిషి వరండా అంచున నిలబడి ఇదంతా చూస్తున్నాడు. పాపం ఆయనకు ఎక్కడ ఏం జరుగుతోందో అర్థం కాలేదు. కొంతసేపు ఓపిక పట్టి, "శెట్టిగారూ, ఇంతకీ ఇల్లు సంగతేమైనట్టు?" అని పైకి అడిగాడు. శెట్టిమామ పొరక మీద బరువానించి పిట్టగోడ మీదుగా తొంగిచూశాడు. "అమ్మేది లేదప్పా. ఈడ ఇంత పనుండాది, ఇడిసిపెట్టి యాడికి పోవాల నేను" అన్నాడు. నాయన ఆ మాట విననట్టే పొరక మరీ వేగంగా ఆడించాడు. ఆయన తోసిన నీళ్లలో సగం వెనక్కే వచ్చాయి.

తర్వాత నేను చదువు పూర్తిచేసి, ఇళ్లు కట్టించే పనిలోనే పడ్డాను. వాటం చూడాలంటే ఎవరెంత గొణిగినా బిందెలతో నీళ్లు పోయిస్తాను. ఉద్యోగంలో కాస్త కుదురుకోగానే మేస్త్రిని వెంటబెట్టుకుని మా ఇంటికి వెళ్లాను, ఆ మిద్దె సరిచేయించడానికి. ఒక పూట పని. నాయన వద్దన్నాడు. నీళ్లు నిలిస్తే లోపలి ఇనుప కమ్ములు తుప్పు పడతాయని, బీరువా పాడవుతుందని, నేను చదివిన చదువంతా ఆయన ముందు పోశాను. ఆయన అంతా విని, "బీరువా ఈ పక్కకు జరిపినాంలే. వాటం బాగు చేస్తే శెట్టి పైకొచ్చేదెట్ల?" అన్నాడు. ఇదేం మాటని విసుక్కుని, మేస్త్రిని తీసుకుని వచ్చేశాను. అప్పటి నా తెలివి అంతవరకే పనిచేసింది, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

మొన్న వానాకాలంలో ఇంటికి పోయినప్పుడు మబ్బు పట్టింది. నాయన గోడ దగ్గరికి పోయి, "శెట్టీ" అని పిలిచాడు. రెండోసారి పిలిచేలోపే మామ పొరకతో మా మెట్ల దగ్గర ఉన్నాడు. మోకాళ్లు బాగా అరిగాయి, ఇప్పుడు పైకి రావాలంటే ఎవరైనా చెయ్యి పట్టుకోవాలి. నేను పట్టుకున్నాను. సగం మెట్లెక్కి ఊపిరి తీసుకోవడానికి ఆగి, నన్ను అనుమానంగా చూశాడు. "ఏం పాపా, వాటం బాగుచేపిస్తానని మళ్లా మేస్త్రిని గానీ పిల్చుకొచ్చినావా?" అన్నాడు.

"లేదు మామా, నాకంత చదువు రాలేదు" అన్నాను.

ఆయన నమ్మినట్టే తలూపి, మిగతా మెట్లెక్కి, నా చెయ్యి వదిలేసి నాయన పక్కన నిలబడ్డాడు. చినుకులు మొదలయ్యాయి.